ఆయువు తీరి పోయినవారు కారు

పడుచువయసువారి గుండె హఠాత్తుగా ఆగిపోయినప్పుడు, పరామర్శకు వచ్చిన బంధువులు మొదలుకొని పత్రికావిలేఖకుల వరకు, ఒక్కొక్కప్పుడు వైద్యులు సైతము, పలుకు పలుకు ఒక్కటే: ఆయువు తీరినది, ఎవరేమి చేయగలరు? దుఃఖితులను ఓదార్చు దయ ఆ మాటలో నున్నది కనుక దానిని ఎదిరించుటకు మనకు నోరు రాదు. కాని ఎదిరింపకుండుటవలన ఆ యింటనుండియే రెండవ శవము లేచు ప్రమాదమున్నది కనుక ఎదిరింపక తప్పదు.

ముందుగా ఆ వాదమును దాని బలము తగ్గింపక చెప్పుదును. అట్లు వాదించువారందరును నొసటివ్రాతను నమ్మువారే యనుకొనుట పొరపాటు. వారనునది యిది: పోయినవాడు నిక్షేపముగా నుండెను, రోగమున్నట్లు వానికే తెలియదు, అట్టి మరణములు ఏటికి లక్షలో ఒకటో రెండో, ఆ ఒక్కనిని పట్టుకొనుటకు లక్షమందికి పరీక్షలు జరుపుట ధనవ్యయము, పరీక్షలు సైతము తప్పు చెప్పును, ఆరోగ్యవంతుని రోగిగా ముద్రవేయును, రోగము దొరకినను దానికి మందు లేదు, ఉన్నదల్లా లక్షలు పోయవలసిన యంత్రమే, కాబట్టి వ్యాయామశాలలో అతిగా శ్రమింపకుండుట తప్ప మానవుడు చేయదగినది లేదు. ఇటీవల దీనికి కోవిడ్ టీకాయే మూలమను ప్రచారము తోడైనది. ఈ వాదములో సత్యాంశము కొంత యున్నది. దానిని దాని చోట ఒప్పుకొందును. కాని దీని మొదటిలోనే యున్న దోషము, వ్యక్తిని చూచి కుటుంబమును చూడకుండుట. తక్కిన దోషములన్నియు దానినుండి పుట్టినవే.

ఒకటి: హఠాత్తుగా వచ్చినది మరణము, రోగము కాదు

1958లో లండను నగరమునందు డొనాల్డ్ టీర్ అను శవపరీక్షానిపుణుడు ఎనమండుగురి హృదయములను వర్ణించుచు ఒక వ్యాసము ప్రకటించెను. వారు పడుచువారు, వారిలో అధికసంఖ్యాకులు హఠాత్తుగా మరణించినవారు. గుండెయొక్క క్రింది గదులు రెంటిని వేరుచేయు గోడ ఉండవలసినదానికంటె మిక్కిలి మందమై, కండరపు పోగులు వరుస తప్పి చిక్కుపడి యుండుటను ఆయన గమనించెను. 1960లో ఆయనయు సహచరులును కలసి ఆ రోగము ఒక కుటుంబములో ప్రాకిన తీరును వెల్లడించిరి. 1990 నాటికి హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి సైడ్‌మన్ దంపతుల బృందము దానికి మూలమైన జన్యుదోషములలో మొదటిదానిని పట్టుకొన్నది. ఇదియే నేడు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అని వైద్యులు వ్యవహరించు రోగము. ఐదువందలమందిలో ఒకరికి ఇది యుండునని అంచనా. తల్లిదండ్రులలో ఒక్కరికి ఈ దోషమున్నను ప్రతి బిడ్డకును అది సంక్రమించు అవకాశము నూటికి ఏబది.

ఇట్టివి మరికొన్ని కలవు. ప్రతి స్పందనకు తరువాత గుండె తన విద్యుచ్ఛక్తిని తిరిగి కూడదీసికొనుటలో ఆలస్యమగు లాంగ్ క్యూటీ రోగము సుమారు రెండువేలమందిలో ఒకరికుండును. 1992లో బ్రుగాడా సోదరులు వర్ణించిన రోగము నిద్రలోను, తీవ్రమైన జ్వరములోను ప్రాణము తీయును. కుడి జఠరికయందలి కండరము క్రమముగా కొవ్వుగాను నారగాను మారు రోగమొకటి. విశ్రాంతిలో తీసిన ఈసీజీలో ఏమియు కనబడక పరుగులోను ఉద్వేగములోను మాత్రమే బయటపడు రోగము మరియొకటి. వీని పేర్లు చదువరికి జ్ఞాపకముండనక్కరలేదు. ఇవన్నియు పుట్టుకతోనే శరీరములో బీజరూపమున నున్నవనియు, రక్తసంబంధములో ప్రాకుచున్నవనియు గ్రహించిన చాలును. ఇరువదియెనిమిదవ యేట ప్రాణము తీసిన దోషము వాని దేహములో ఇరువదియెనిమిదేండ్లు కాపురమున్నది. అన్నియేండ్లు కనుగొన వీలున్నదానిని ఒక్క క్షణపు సంఘటనగా చెప్పుట ఏ తర్కము?

ఆయువు తీరినదను ఇండ్లలోనే తరచుగా వినవచ్చు మాట మరియొకటి కలదు: "మా వంశములో మగవారు నలుబది దాటరు." తాత పొలములో కూలినాడు, పినతండ్రి నిద్రలో పోయినాడు, ఇప్పుడు కుమారుడు. ఇంతకంటె స్పష్టమైన రోగచరిత్రను ఏ వైద్యుడు కోరగలడు? రోగము ఇంట నున్నదని చెప్పుటకు కావలసిన సాక్ష్యమంతయు చేతబట్టుకొని, దానినే రోగము లేదనుటకు, అంతయు వ్రాతయే యనుటకు వాడుట ఎంతటి విపరీతమో ఆలోచింపవలెను.

ఇది పాశ్చాత్యుల రోగమనువారికి దూరముగా పోనక్కరలేదు, హైదరాబాదునందలి సీసీఎంబీ అను జీవశాస్త్ర పరిశోధనాసంస్థయే సమాధానము. అచ్చటి శాస్త్రజ్ఞులు తదితరులతో కూడి 2009లో ప్రకటించిన పరిశోధననుబట్టి, గుండెకండరపు మాంసకృత్తు నొకదానిని నిర్మించు జన్యువులో 25 అక్షరములు లోపించిన దోషము భారతీయులలో సుమారు నూటికి నలుగురిలో నున్నది. ఆ నలుగురును రోగులగుదురని కాదు. చాలమందికి ఏ బాధయు రాదు, వచ్చినవారికిని తరచుగా నడివయస్సు తరువాతనే వచ్చును. కాని వంశానుగత హృద్రోగము మన రక్తములో లేదని చెప్పుటకు ఇకమీదట ఎవరికిని అధికారము లేదు.

రెండు: "నిక్షేపముగా నుండెను"

ఈ మాట చాలసందర్భములలో నిజము. కొందరికి మరణమే మొదటి లక్షణము. కాని మిగిలిన సందర్భములలో ఏమి జరిగినదో ఆ యింటివారిని నిదానముగా అడిగిన తెలియును. బడిలో పరుగుపందెమున నేలకొరిగిన పిల్లకు ఎండదెబ్బ యనిరి. చెరువులో ఈదుచు మునిగినవానిని ఈత చాలనివాడనిరి. తెల్లవారుజామున గడియారపు గంటకు ఉలికిపడి స్పృహ తప్పిన యువతికి గాలి సోకినదని తాయెత్తు కట్టించిరి. కాళ్లుచేతులు కొట్టుకొన్నవానికి ఫిట్సని ఏండ్లతరబడి మూర్ఛమందులు మ్రింగించిరి. ఈసీజీ ఒక్కటియు తీయింపలేదు. లాంగ్ క్యూటీలో ఒక రకము ఈతలోను పరుగులోను విజృంభించుననియు, మరియొక రకము హఠాత్తైన ధ్వనికి చెలరేగుననియు వైద్యగ్రంథములు దశాబ్దములుగా చెప్పుచున్నవి. కూర్చున్నచోటనుండి లేచునప్పుడు కండ్లు తిరుగుట వేరు, పరుగెత్తుచుండగా విఱుచుకొని పడుట వేరు. రెండవది గుండెనుండి వచ్చినది కాదని తేలువరకు గుండెనుండియే వచ్చినదని భావింపవలెను.

ఇక్కడ మందులసంగతి చెప్పక తప్పదు. లాంగ్ క్యూటీ యున్నవారికి కొన్ని సామాన్యమైన మందులే ప్రాణాంతకములు: దగ్గునకు, గొంతునొప్పికి ఊరూర ఇచ్చు అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, వాంతులకిచ్చు డోంపెరిడోన్, ఒండాన్‌సెట్రాన్, కొన్ని మనోవ్యాధుల మందులు. ఊరిలో ఆర్ఎంపీ ఒకే చీటీలో వీనిలో రెంటిని వ్రాయుట అరుదు కాదు. రోగమెరిగినవాడు ఈ మందులను తప్పించుకొనగలడు. ఎరుగనివాడు జ్వరము తగ్గుటకని మ్రింగిన మాత్రతో పోయినచో దానికిని ఆయుర్దాయమనియే పేరు పెట్టుదుము.

మూడు: వ్యాయామమును, టీకాను నిందించుట

భారతీయ వైద్య పరిశోధనా మండలి, 18 నుండి 45 ఏండ్ల వయస్సులో హఠాత్తుగా మరణించిన 729 మంది వృత్తాంతమును, వారితో పోల్చదగిన 2,916 మంది వృత్తాంతముతో సరిచూచి 2023లో ఫలితము ప్రకటించినది. టీకావలన అట్టి మరణముల అవకాశము పెరుగలేదని తేలినది. పెంచినవేవి? పూర్వము కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరియుండుట, మరణమునకు ముందు రెండుదినములలో అతిగా మద్యము త్రాగుట లేక తీవ్రముగా శ్రమించుట, మాదకద్రవ్యములు. వీనితోబాటు కుటుంబములో హఠాన్మరణము జరిగియుండుట. ఆ చరిత్ర యున్నవారిలో ప్రమాదము సుమారు రెండున్నర రెట్లు. టీకాను గురించి మనవారు వాదించుకొన్న కాలములో వందవ వంతయినను తమ యింటి చరిత్రను విచారించుకొనుటకు వినియోగించినారా?

శ్రమ ఆ పట్టికలో నున్నది, కాదనను. కాని శ్రమ రోగమును బయటపెట్టు సందర్భమే కాని పలుసందర్భములలో రోగకారణము కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములలో 2010 నుండి 2012 వరకు 35 ఏండ్ల లోపువారి 490 మరణములను పరిశీలింపగా, దాదాపు మూడింట రెండువంతులవారు నిద్రలోనో విశ్రాంతిలోనో పోయినవారు. వ్యాయామశాలను మూయించినంతమాత్రమున పడకమీద పోవువాడు బ్రతుకడు. పైగా, అన్న కసరత్తు చేయుచు పోయినాడని తమ్ముని కసరత్తు మాన్పించి తృప్తిపడిన తల్లిదండ్రులు, ఆ తమ్ముని గుండెను చూపింపవలసిన బాధ్యతను నెరవేర్చితిమనుకొని మోసపోవుదురు. ఈ తప్పుడు కారణము చేయు కీడంతయు ఇందులోనే యున్నది.

నాలుగు: లక్షమందిని పరీక్షించుటెట్లు?

ప్రతిపక్షవాదములో బలమైన భాగమిదియే. దీనిని తేలికగా త్రోసివేయువాడు నిజాయితీ లేనివాడు. ఇటలీదేశము 1982లో పోటీక్రీడలలో పాల్గొను ప్రతివారికిని ఈసీజీతో కూడిన పరీక్షను విధించినది. వెనెటో ప్రాంతములో క్రీడాకారుల హఠాన్మరణములు ఏటికి లక్షకు 3.6 నుండి పాతికేండ్లలో 0.4కు దిగినవని 2006లో పరిశోధకులు వెల్లడించిరి. ఇజ్రాయెలు 1997లో అట్టి చట్టమే చేసెను. దానివలన మరణములు తగ్గిన జాడ లేదని 2011లో వేరొక పరిశీలన చెప్పినది. జనులందరికిని పరీక్షలు జరుపుట లాభమో కాదో అన్న చర్చ నేటికిని తెగలేదు. దానిని తెగినట్లు చూపి వాదించుట నాకిష్టము లేదు.

కాని మేమడుగుచున్నది లక్షమంది పరీక్ష కాదు. ఒక యింట నలుబది నిండనివాడు హఠాత్తుగా పోయినప్పుడు మిగిలిన ఆ నలుగురైదుగురు: తల్లి, తండ్రి, తోబుట్టువులు, బిడ్డలు. వారికి ఈసీజీ, ఎకో, అవసరమైనచో ట్రెడ్‌మిల్ పరీక్ష. దోషమున్నట్లు ఒకరిలో తేలినచో వారి రక్తసంబంధీకులకు, అట్లు కొమ్మకొమ్మకును సాగవలెను. ఈసీజీకి పట్టునది కొలదినిమిషములు, కొన్ని వందల రూపాయలు. పెద్దకర్మకు పెట్టు భోజనముల ఖర్చుతో ఆ కుటుంబమంతటికిని ఎకోతో సహా పరీక్షలు చేయింపవచ్చును. తప్పుడు ఫలితముల భయమునకును ఇదే సమాధానము: ముక్కుమొగము ఎరుగని జనసమూహములో ఎవనికో కనబడిన చిన్నతేడాకును, అన్నను పోగొట్టుకొన్న తమ్మునిలో కనబడిన అదే తేడాకును విలువ యొక్కటి కాదు. మొదటిదానిని ఉపేక్షించినను చెల్లును, రెండవదానిని ఉపేక్షింపరాదు. అయితే ఒక్కసారి చూచి బాగున్నదని విడుచుట చాలదు. మందమగు గుండె తరచుగా కౌమారములో గాని మందము కాదు కనుక, పిల్లలకు ఏడాదికో రెండేండ్లకో పరీక్ష మరల జరుగవలెను.

తెలుగువారు విశేషించి తలచుకొనవలసిన విషయ మొకటి ఇక్కడనే చెప్పవలెను. 1957లో నార్వేదేశమునందు జెర్వెల్, లాంగే-నీల్సన్ అను వైద్యులు, ఒక కుటుంబములోని ఆరుగురు బిడ్డలలో నలుగురు పుట్టుచెవిటివారై స్పృహ తప్పుచుండుటను, వారిలో మువ్వురు హఠాత్తుగా మరణించుటను వర్ణించిరి. ఇది లాంగ్ క్యూటీలోనే ఒక రకము: చెవికిని గుండెకును కావలసిన జన్యువొక్కటే చెడి, తల్లివైపునను తండ్రివైపునను ఆ లోపమే వచ్చి కలసినప్పుడు ఇట్లు జరుగును. మేనరికములు, మేనమామతో వివాహములు నేటికిని మానని తెలుగునాట అట్లు కలియుటకు అవకాశమెక్కువ. పుట్టుచెవిటి బిడ్డలకు ఆరోగ్యశ్రీ క్రింద చెవిలో యంత్రము నమర్చు శస్త్రచికిత్స చేయించి ప్రభుత్వము ఎంతో మేలు చేసినది. పుట్టుచెవుడు గల ప్రతి బిడ్డకును, శస్త్రచికిత్స చేసినను చేయకున్నను, ఒక్క ఈసీజీ తప్పక తీయవలెననియు, అందులో క్యూటీ అంతరమును కొలిచి అంకెతో వ్రాయవలెననియు నియమము పెట్టుటకు ఎన్ని కోట్లు కావలెను?

ఐదు: దొరకినను మందు లేదను మాట

ఇది అజ్ఞానము తప్ప వేరు కాదు. 1960వ దశకములో రూపొందిన ప్రొప్రనొలాల్ మాత్ర నేడు చిన్నపట్టణపు మందులషాపులో సైతము దొరకును. దినమునకు కొన్ని రూపాయలు. లాంగ్ క్యూటీ రోగులలో పెక్కుమందిని ఆ జాతి మాత్రయే కాపాడుచున్నది. అది చాలనివారికి, లయ తప్పిన గుండెను విద్యుద్ఘాతముతో సరిచేయుటకు ఛాతీలో అమర్చు ఐసీడీ యను యంత్రము కలదు. మైకేల్ మిరోవ్‌స్కీ ఆలోచనకు ఫలమైన ఆ యంత్రమును 1980 ఫిబ్రవరిలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రియందు తొలిసారి మానవదేహములో నుంచిరి. దాని వెల అధికమే, పేదవానికి భారమే. ఆ భారము ప్రభుత్వమెట్లు మోయవలెనన్నది న్యాయమైన ప్రశ్న. కాని యంత్రము కావలసినవారు కొందరు. మాత్రతోను, జాగ్రత్తతోను, పడని మందులను మానుటతోను గడపగలవారు చాలమంది. మందమైన గుండె గలవారిలో ఏటికి నూటికి ఆరుగురు మరణింతురని ఒకప్పుడు పెద్ద ఆసుపత్రుల లెక్క. నేటి చికిత్సతో అది అరశాతము వరకు తగ్గినది. మందు లేని రోగమున ఇంత మార్పెట్లు వచ్చును?

పరీక్షలకు చిక్కనివారు కొందరుందురు, నిజము. డెన్మార్కు క్రీడాకారుడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఉన్నతస్థాయి ఆటగాడుగా ఎన్నో పరీక్షలు దాటినవాడే. 2021 జూన్ 12న ఆటమధ్యలో కూలినాడు. మైదానములోనే ఛాతీని నొక్కి, విద్యుత్తుతో గుండెను మేల్కొల్పుటవలన బ్రతికి, ఐసీడీతో మరల ఆడినాడు. గుండె ఆగినపిమ్మట ఆ విద్యుద్ఘాతమందని ప్రతి నిమిషమునకును బ్రతుకు అవకాశము నూటికి ఏడు నుండి పదివరకు తగ్గును. పరీక్ష తప్పిపోయినచోట సైతము చేయదగినది కలదనియే ఇది తెల్పుచున్నది.

ఆరు: శవమును కోయించుట యెందుకు?

బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులను ఈ మాట యడుగుటకు మనసొప్పదు. అయినను అడుగవలెను. శవపరీక్ష లేనిచో కారణము గుండెపోటని ఊహించి వ్రాయుదురు, కథ ముగియును. చేసినను మనచోట దాని చూపు విషముమీదను, గాయముమీదనుండును. జీర్ణాశయభాగములను రసాయనపరీక్షకు పంపి, గుండెను పైపైన చూచి, అనుమానించదగినది లేదని ముగించుట తరచైన పద్ధతి. లాంగ్ క్యూటీ, బ్రుగాడా వంటి రోగములలో గుండె కంటికి సహజముగానే యుండును. ఏమియు కనబడలేదనుట ఏమియు లేదనుట కాదు. పైన చెప్పిన ఆస్ట్రేలియా, న్యూజిలాండు పరిశీలనలో శవపరీక్షకు సైతము కారణము చిక్కని మరణములు నూటికి 40. వారిలో జన్యుపరీక్ష జరిపినవారిని చూడగా నూటికి 27 మందిలో రోగమునకు సంబంధించిన జన్యుదోషము దొరకినది. ఆ జ్ఞానము మృతునికి పనికిరాదు. వాని చెల్లెలికి పనికివచ్చును. నలుబది లోపు హఠాన్మరణములన్నింటను గుండెను నిపుణుడు తూచి, కోసి, సూక్ష్మదర్శినిలో చూడవలెను. కొన్ని మిల్లీలీటర్ల రక్తమును జన్యుపరీక్షకై దాచవలెను. రక్తసంబంధీకులు గుండె చూపించుకొనవలెనని నివేదికలో స్పష్టముగా వ్రాయవలెను. ఇంత చేయనివాడు శవపరీక్షలో సగము విడిచిపెట్టినవాడే.

ఏడు: పిల్లలకు సంబంధములు రావను భయము

ఆయువు తీరినదను మాటకు వెనుక, పైకి చెప్పని కారణ మొకటి కలదు. రోగము వంశములో నున్నదని తెలిసినచో ఆడపిల్లలకు పెండ్లిండ్లు కావు. అన్న మరణమును గుండెపోటనియు, ప్రమాదమనియు చెప్పి కప్పిపుచ్చు కుటుంబములు ఈ భయమునకు లోబడినవే. ఆ భయమును తేలికగా చూడను. సంబంధము తప్పిన యింటి బాధ చిన్నది కాదు, ఆ నింద సంఘము వేసినదే కాని వారు కోరి తెచ్చుకొన్నది కాదు.

కాని దాచిన ఫలమెట్లుండునో పూర్తిగా చూడవలెను. లాంగ్ క్యూటీలో రెండవ రకమున్న స్త్రీకి ప్రసవానంతరము తొమ్మిది మాసములలో ప్రమాదము మిక్కిలి పెరుగును. నిద్ర తక్కువ, అర్ధరాత్రి బిడ్డ ఏడ్పునకు ఉలికిపడి లేచుట నిత్యము. అత్తవారికి తెలియనీయరాదని మాత్రను చాటుగా మ్రింగు కోడలు ఒకనాడు మానివేయును. ప్రసూతివైద్యురాలికి ఎవరును చెప్పరు కనుక వాంతులకు ఆమె మామూలుగా వ్రాయు మందే ఆ గుండెకు పడదు. పసికందును విడిచి ఆ తల్లి పోయిననాడు ఇరువైపులవారును కలసి ఆయువు తీరినదందురు. ఆ బిడ్డ గుండెలోనికిని ఆ దోషమే దిగియుండవచ్చునని ఎవరికిని తోచదు. ఆ కోడలిని కాపాడుటకు చేయవలసినది దాచుట కాదు. పెండ్లికి ముందే వరునితో చెప్పవలెను. విని వెనుదిరిగినవాడు వెనుదిరుగుటయే మేలు. గర్భము ధరించిన పిమ్మట వైద్యుడు చెప్పక మాత్రను మానరాదు. ప్రసవమునకు చేరిన ఆసుపత్రిలో మొదటి చీటీమీదనే రోగము పేరును, పడని మందుల పేర్లును వ్రాయింపవలెను. పుట్టిన బిడ్డకు తొలివారములలోనే ఈసీజీ తీయింపవలెను.